కడిగిన కత్తి

మొదటి దెబ్బకి గాలి లాగే మెషిన్ మీది గాజుమూత భళ్లున పగిలింది. రెండో దెబ్బకి తూకం పళ్లెం ఎగిరి గోడకి కొట్టుకుంది. మూడోది ఎవరి నెత్తిన పడేదో గానీ, ఈలోగా పెద్దకోడలు ప్యాకింగ్ బల్లని కాలితో అడ్డంగా తోసింది.

చిన్నకొడుకు బల్ల అవతల ఆగాడు. అతని చేతిలో ఉన్నది చేపల్ని పొగలో వేలాడదీసే ఇనప కడ్డీ. పొగగదిలో అలాంటివి నలభై ఉన్నాయి. ఇన్నేళ్లూ నోరెత్తకుండా చేపల్ని మోశాయి. ఇవాళ ఒకదానికి వేరే పని పడింది.

"నా కూతుర్ని చంపింది ఎవరు?" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "మీ ముగ్గురిలో ఎవరో చెప్పండి చాలు."

ముగ్గురూ నిలబడే ఉన్నారు. తలుపు దగ్గర పెద్దాయన, ఈ పొగచేపల కార్ఖానా పెట్టిన మామగారు. ఆయన పక్కన పెద్దకొడుకు. రంపంపొట్టు రాజేసి పొగ నడిపేది అతనే. కోపం కూడా పైకి మంట కనపడకుండా లోపల్లోపల రగులుతుంది కనుక మార్కెట్లో అందరూ అతన్ని కుంపటి అంటారు. బల్లకి ఇవతల ఆ కుంపటి భార్య, పెద్దకోడలు. చేపని పలచటి ముక్కలుగా కోసి, సంచుల్లో పేర్చి, గాలి లాగి అంటించేది ఆమె. అంటే ఈ గేటు దాటి వెళ్లే ప్రతి ముక్కనీ చివరిసారి ముట్టుకునే చెయ్యి ఆమెది.

ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. నాలుగు రోజులుగా ఆ చేతిని చూసుకోవాలంటేనే ఆమెకి భయంగా ఉంది.

"కడ్డీ కింద పెట్టరా," అన్నాడు పెద్దాయన. "పెళ్లాం ఆసుపత్రిలో ఉంటే ఇక్కడికొచ్చి సామాన్లు పగలగొడతావా?"

"దాని రక్తంలో కంటికి కనపడని పురుగు దొరికింది నాన్నా. పొద్దున డాక్టరమ్మ కాగితం ఇచ్చింది. ఫ్రిజ్‌లో పెట్టి వండకుండా తినే వాటిలో ఉంటుందట. మంచి ఒంటిలోకి పోతే తెలియను కూడా తెలియదట. కడుపుతో ఉన్నవాళ్లకి రెండు రోజులు జ్వరం వస్తుంది, తర్వాత బిడ్డ పోతుంది. ఏం తిన్నదో గుర్తు తెచ్చుకోండి అంది." అతను నవ్వాడు. ఆ నవ్వు చూడలేక పెద్దకోడలు తల తిప్పుకుంది. "గుర్తు తెచ్చుకోవడానికి ఏముంది? శుక్రవారం శుక్రవారం వదిన చేతి పొగచేప. ఏడు నెలలూ దానికి అదే ఇష్టం."

"నేనే కోసి పంపాను," అంది పెద్దకోడలు.

"నిన్ను అడగలేదు," అన్నాడు కుంపటి.

"అడిగాడు. ముగ్గురిలో ఎవరని అడిగాడు."

పెద్దాయన లోపలికి రెండడుగులు వేశాడు. ఆయన ఒంటి మీద గంజిపెట్టిన తెల్ల ఏప్రన్. చావు జరిగిన ఇంట్లో కూడా ఆయన ఏప్రన్‌కి మడత నలగదు. "ముప్ఫై ఒక్క ఏళ్లు," అన్నాడు. "ఒక్క ప్యాకెట్ వెనక్కి రాలేదు. ఒక్కడికి కడుపులో నొప్పి రాలేదు. చల్లగది మూడు డిగ్రీలు దాటదు. ఈ గచ్చు మీద అన్నం వడ్డించుకుని తినొచ్చు. ఆసుపత్రుల్లో తిండి తిని తెచ్చుకున్న రోగాన్ని నా నెత్తిన రుద్దుతావా?"

"మీ గచ్చు మీద ఎవరూ తినలేదు నాన్నా. నా పెళ్లాం చేప తింది."

కుంపటి తమ్ముడి చేతిలోని కడ్డీ పట్టుకోబోయాడు. పట్టుకోనిస్తాడా? కడ్డీ చివరి కొక్కెం గిర్రున తిరిగి అన్న చెంపని చీరింది. రక్తం గడ్డం మీదుగా కారి రబ్బరు బూట్ల మీద పడింది. ఇద్దరూ కలబడ్డారు. నలభై ఏళ్ల మనిషీ ముప్ఫై ఐదేళ్ల మనిషీ, చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నవాళ్లు, గాజుపెంకుల మీద దొర్లారు. పెద్దాయన ఇద్దర్నీ తిట్టాడు. పెద్దకోడలు మాత్రం గోడ మీది గడియారం చూసింది.

పది దాటింది. పదకొండున్నరకి బండి బయల్దేరాలి. చల్లగదిలో పదిహేడు పెట్టెలు, మూడు వందల నలభై ప్యాకెట్లు, పదకొండు షాపులకి. ఆ ప్యాకెట్లలో ఏది ఏ ఇంటికి పోతుందో, ఆ ఇంట్లో ఎవరు కడుపుతో ఉన్నారో ఎవరికీ తెలియదు. ఆమెకి తెలిసిందల్లా ఒక్కటే. అవి గేటు దాటకూడదు. అందుకే పొద్దున లేస్తూనే చల్లగది తాళంచెవి తీసి బొడ్లో దోపుకుంది.

"ఆపండి," అంది. "పురుగు ఎక్కడుందో నాకు తెలుసు."

ఇద్దరూ ఆగారు. కింద ఉన్నవాడు మరిది. పైన ఉన్నవాడు మొగుడు.

ఆమె సంచిలోంచి మడిచిన కాగితం తీసింది. చిన్నకోడలికి జ్వరం మొదలైన మూడో రోజున, అది మామూలు జ్వరం కాదని నర్సు అన్నప్పుడే, ఆమెకి తను పంపిన చేప మీద అనుమానం వచ్చింది. ఎవరికీ చెప్పకుండా ఊళ్లోని ల్యాబుకి వెళ్లి, అక్కడి ఆవిడ ఇచ్చిన దూది పుల్లలతో ఐదు చోట్ల తుడిచి ఇచ్చి వచ్చింది. ఫలితం నిన్న సాయంత్రం వచ్చింది.

"ఉప్పునీళ్ల తొట్టిలో లేదు. పొగగదిలో లేదు. గాలి లాగే మెషిన్ మీద లేదు." ఆమె కాగితం రెండో మడత విప్పింది. "నేల మీద నీళ్లు పోయే కాలవలో ఉంది. కోత మెషిన్ కత్తి మీద ఉంది."

కుంపటి తమ్ముడి మీంచి లేచాడు. నెమ్మదిగా వచ్చాడు. చెంప మీది రక్తం అరచేత్తో తుడుచుకున్నాడు. అదే చేత్తో ఆమెని కొట్టాడు.

ఆమె బల్ల అంచు పట్టుకుని నిలదొక్కుకుంది. చెవిలో హోరు. తొమ్మిదేళ్ల కాపరంలో అతను చెయ్యి చేసుకోవడం అది మొదటిసారి ఏమీ కాదు గానీ, ఎవరి ఎదటా ఎప్పుడూ కొట్టలేదు.

"మాకు చెప్పకుండా ల్యాబుకి పోయావా?" అన్నాడు. "మా నాన్న పేరు బజార్న పెడదామని?"

"చెబితే పోనిచ్చేవారా?"

"ఇది సరుకు దొంగతనం కాదు, ఇంటి పరువు దొంగతనం," అన్నాడు పెద్దాయన. ఆయన మాట ఎప్పుడూ పొందికగానే ఉంటుంది, కోసేటప్పుడు కూడా. "నీకు పిల్లలు దక్కలేదు. వాడి బిడ్డ పోయింది. ఈ పూట ఇంటి మీద కసి తీర్చుకుంటున్నావు. అంతే కదా అమ్మా?"

ఆ మాట అన్నందుకు ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు, ఆమె మొగుడు కూడా.

మాట్లాడింది మరిదే. లేచి కూర్చుని, మోచేతిలో దిగిన గాజుపెంకు లాక్కుంటూ అన్నాడు. "కత్తి కడిగేది నువ్వే కదా వదినా?"

"నేనే."

"అంటే నువ్వే."

"అనుకున్నాను. నిన్న రాత్రంతా అదే అనుకున్నాను. పొద్దున ల్యాబావిడకి ఫోన్ చేశాను. సాయంత్రం కోత అయ్యాక కత్తి ఊడదీస్తాను, మరిగే నీళ్లలో కడుగుతాను, మందు నీళ్లలో ముంచుతాను, ఆరడానికి మెషిన్‌కి బిగించి తెరిచి పెట్టి వెళ్తాను, ఇంకేం చెయ్యాలి అని ఏడ్చాను. ఆవిడ అంతా విని ఒక్క మాట అడిగింది. మీరు మెషిన్ కడిగాక నేల ఎవరు కడుగుతారు, ఎలా కడుగుతారు అని."

పెద్దాయన కళ్లు చిన్నవయ్యాయి.

నేల కడిగేది ఆయన. రోజూ, అందరూ వెళ్లాక, ఒక్కడే. ఇంకొకరి చేత కడిగించడు. ఐదేళ్ల క్రితం ప్రెషర్ పంపు కొన్నాడు. కారు మీది బురద కూడా వొలిచేసే పంపు అది. దానితో కాలవ మీది ఇనప జల్లెడ ఎత్తి, అడుగు దాకా, చేప పొలుసు ఒక్కటి మిగలకుండా తరిమి తరిమి కొడతాడు. ఆ తర్వాత నేల వంక ఒకసారి చూసుకుని, దీపం ఆర్పి తాళం వేస్తాడు. భార్య పోయాక ఆయనకి మిగిలిన ముచ్చట అదొక్కటే.

"ఇప్పుడు నేల కడగడం కూడా తప్పయిందా?" అన్నాడు.

"కాలవలో నీళ్లు పంపు దెబ్బకి పైకి లేస్తాయట మామయ్యా. కంటికి కనపడని తుంపర. అది కడిగిన కత్తి మీద పడుతుంది. మర్నాడు పొద్దున నేను దానితోనే కోస్తాను. మన పొగ చేపని వండదు, రంగూ వాసనా పట్టిస్తుంది అంతే. ఇక కత్తి దాటాక ఆ పురుగుని చంపేది ఏదీ లేదు. తక్కిన పురుగులన్నీ చలికి ముడుచుకు పడుకుంటాయి, ఇది మాత్రం మూడు డిగ్రీల్లో కూడా మెల్లగా పెరుగుతుంది. మనం ప్యాకెట్ మీద ముప్ఫై రోజులు అని అచ్చు వేస్తాం."

"ఆవిడ చూసిందా? వచ్చి నా గచ్చు చూసిందా?"

"చూడక్కర్లేదు. మనమే చూడొచ్చంది. ఎలాగో చెప్పింది."

"చూపించు," అన్నాడు మరిది.

"చూపించు," అన్నాడు పెద్దాయన. ఆయన గొంతులో ధీమా ఏ మాత్రం తగ్గలేదు. అందుకే ఆమెకి జాలి వేసింది.

ఏప్రన్లు ఉతికే చోటి నుంచి ఆమె నీలిమందు సీసా తెచ్చింది. జల్లెడ ఎత్తి సీసా మొత్తం కాలవలో ఒంపింది. ఉతికిన తెల్ల దుప్పటి ఒకటి తెచ్చి కోత మెషిన్ మీద, గుండ్రటి కత్తి మీద, పక్కనున్న బల్ల మీద కప్పింది. కాలవకీ మెషిన్‌కీ మధ్య ఏడడుగుల దూరం ఉంటుంది.

"కడగండి మామయ్యా. రోజూ ఎలా కడుగుతారో అలాగే."

ఆయన కడిగాడు. ఎంత చక్కగా కడిగాడని. అరవై ఎనిమిదేళ్ల మనిషి నడుం వంచి, పంపు గొట్టం రెండు చేతులా పట్టుకుని, పగిలిన గాజుని ఒక మూలకి తరిమి, కాలవని ఈ చివర నుంచి ఆ చివరకి తోమాడు. నీళ్లు నీలంగా పారి, లేతబడి, ఆఖరికి తేటగా వచ్చాయి. పంపు ఆపి, ముఖం తుడుచుకుని, "ఇదీ నా పని," అన్నాడు.

నేల తళతళలాడుతోంది. నిజంగానే అన్నం వడ్డించుకోవచ్చు.

ఆమె దుప్పటి తీసి కిటికీ వెలుగులో పట్టుకుంది.

తెల్లటి గుడ్డ మీద నీలపు చుక్కలు. ఆవగింజంతవి, అంతకన్నా చిన్నవి, వందలు. కత్తి మీద కప్పిన చోట మరీ ఒత్తుగా ఉన్నాయి.

పెద్దాయన దగ్గరికి వచ్చి ఒక చుక్కని గోటితో గీకాడు. పోలేదు. ఇంకొకటి గీకాడు. తర్వాత తన ఏప్రన్ వైపు చూసుకున్నాడు. దాని మీద కూడా ఉన్నాయి.

"ఈ పంపు కొని ఐదేళ్లయింది," అంది పెద్దకోడలు. ఎవరితో అంటోందో ఆమెకే తెలియదు. "అంతకుముందు మీరు బకెట్టుతో, చీపురుతో కడిగేవారు. అప్పుడు ఎవరికీ ఏమీ కాలేదు. నేను ప్రతి చేపకీ మొదటి ముక్క నోట్లో వేసుకుని ఉప్పు చూస్తాను. ఇన్నేళ్లూ రోజూ చూశాను. నాలుగేళ్ల క్రితం నాకు రెండు రోజులు జ్వరం వచ్చింది. అప్పుడు ఆరో నెల. బాబు పోయాడు. ఒంట్లో బలం లేదన్నారు, సరిగ్గా తినదన్నారు. నేను తింటూనే ఉన్నాను మామయ్యా."

ఆ మాట నోటి నుంచి బయటికి వచ్చాకే ఆమెకీ పూర్తిగా అర్థమైంది. నాలుగేళ్లుగా తన ఒంటిని తనే తిట్టుకుంది. అద్దంలో చూసుకుని మరీ తిట్టుకుంది. ఆ తిట్లన్నీ ఇప్పుడు ఎవరికి తిరిగివ్వాలో తెలియక దుప్పటిని పిడికిట్లో నలిపేసింది.

కుంపటి ఆమె వంకే చూస్తున్నాడు. చెంప మీంచి రక్తం ఇంకా కారుతోంది, తుడుచుకోవడం మర్చిపోయాడు.

మరిది కడ్డీ తీసుకున్నాడు.

"రోజూ," అన్నాడు తండ్రితో. "రోజూ కడిగావు. నీ ముచ్చట కోసం. ఇంకొకణ్ణి ముట్టుకోనివ్వలేదు."

"నాకు తెలియదురా."

"వదిన చెబితే ఏమన్నావు? కసి అన్నావు. నీకు ఎవరు చెప్పినా వినపడదు. అమ్మ చెప్పినా వినలేదు."

"తెలియదురా నాన్నా," అన్నాడు పెద్దాయన మళ్లీ. వెనక్కి జరగలేదు. చేతులు అడ్డం పెట్టుకోలేదు. కొట్టించుకోవడానికి నిలబడినట్టే నిలబడ్డాడు. అలా నిలబడ్డవాణ్ణి చూస్తే కోపం తగ్గుతుందంటారు గానీ, మరిదికి అది మరింత రాజుకుంది. కడ్డీ తల మీదికి లేచింది.

ఆమె ఆలోచించలేదు. ఆలోచిస్తే, అడ్డం వెళ్లి ఉండేది కాదేమో. ఇందాకే తనని అంత మాట అన్న మనిషికి తన చెయ్యి అడ్డం పెట్టింది.

ఎముక విరిగిన చప్పుడు గదిలో నలుగురికీ వినపడింది.

కడ్డీ జారి నేల మీద పడింది. మరిది ఆమె చెయ్యి చూశాడు. మణికట్టుకి పైన, వంగకూడని చోట వంగి ఉంది. "వదినా," అని అక్కడే గోడకి జారగిలబడి, ముఖం మోకాళ్లలో దాచుకుని, ఆసుపత్రి వరండాలో నాలుగు రోజులూ ఏడవని ఏడుపు ఏడవడం మొదలెట్టాడు.

ఆమెని పట్టుకున్నది కుంపటి. ఎత్తి స్టూలు మీద కూర్చోబెట్టాడు. చెక్కపలక ఒకటి వెతికి చేతి కింద పెట్టి, తన తువ్వాలుతో, ఊపిరి బిగబట్టి, చిన్నపిల్లకి కట్టినంత నెమ్మదిగా కట్టాడు. అతని వేళ్లలో అంత మెత్తదనం ఉందని ఆమె మర్చిపోయి చాలా కాలమైంది.

"నొప్పిగా ఉందా?"

"ఊఁ."

"వాస్తోంది. ఐస్ పెట్టాలి. తాళంచెవి ఇవ్వు, చల్లగదిలోంచి తెస్తాను. తెచ్చాక ఆసుపత్రికి పోదాం."

ఆమె బొడ్లోంచి తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టింది. పెట్టేటప్పుడు ఇందాక కొట్టిన చెయ్యి అదేనని గుర్తొచ్చింది. అయినా పెట్టింది. అతను ఆమె తల మీద ఒకసారి చెయ్యి వేసి బయటికి వెళ్లాడు.

గదిలో ముగ్గురు మిగిలారు. పెద్దాయన బోర్లించిన పెట్టె మీద కూర్చుని ఏప్రన్ ముడి విప్పుకోవాలని చూస్తున్నాడు. ముడి రావడం లేదు. కోడలు ఎడంచేత్తో లాగితే వచ్చింది.

"అమ్మా," అన్నాడు. విడిన ఏప్రన్ ఒళ్లోకి తీసుకుని, "ఆసుపత్రిలో ఉన్న ఆ పిల్లకి నేను ఏమని చెప్పను?" అన్నాడు.

"మీరే వెళ్లి చెప్పాలి మామయ్యా. ఎవరో చెబితే కాదు."

"వింటుందా?"

"తెలియదు."

"నువ్వు?"

క్షమించాననే మాట నాలుక చివరిదాకా వచ్చింది, మర్యాద కొద్దీ. అది అబద్ధమని తెలిసి ఆమె అక్కడే ఆపేసింది. ఆయన కూడా రెట్టించలేదు. ఏప్రన్ మడత పెట్టబోయి, ఆపి, ఉండ చేసి కాళ్ల దగ్గర పడేశాడు.

"సరుకు?" అని అడిగింది ఆమె.

"ఆపెయ్యండి," అన్నాడు పెద్దాయన. "అంతా తీసి పాతిపెట్టండి. షాపుల్లో ఉన్నది కూడా వెనక్కి తెప్పించండి. నేనే ఫోన్ చేస్తాను."

ఆ మాట వినడానికే కదా ఆమె పొద్దుట్నుంచి ఇన్ని దెబ్బలు తిన్నది. పై అధికారులకి కాగితం పంపుతాను గానీ అది చేరేసరికి ఎల్లుండి అవుతుంది, ఈలోపు సరుకు గేటు దాటకుండా చూడాల్సింది మీరే అని ల్యాబావిడ ఫోన్లో అంది. చూసింది. చెయ్యి సలుపుతున్నా గోడకి ఆనుకుంది. కళ్లు మూసుకుంది.

మరిది ఏడుపు తగ్గి వెక్కిళ్లలోకి దిగింది. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. ఐస్ తేవడానికి ఎంతసేపు పడుతుంది? చల్లగది ఇరవై అడుగుల దూరం. ఆమె కళ్లు తెరిచి చూసింది. పదకొండు దాటి పది నిమిషాలు. అతను వెళ్లి పావుగంట అయింది.

వెనక దొడ్లో తోపుడుబండి చక్రాలు కిరకిరలాడాయి. ఆగాయి. ఇనప తలుపు ఒకటి దబ్బున మూసుకుంది.

తర్వాత బండి స్టార్టయింది.

ఆమె స్టూలు తన్నేసి లేచింది. పలక కట్టిన చెయ్యి గుండెకి అదుముకుని దొడ్లోకి పరిగెత్తింది. చల్లగది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల అరలు ఖాళీ. కింద గచ్చు మీద ఐస్ గిన్నె ఒకటి, అందులో సగం దాకా ఐస్. తేవాలనే మొదలెట్టాడన్నమాట. మధ్యలో ఎక్కడో మనసు అటు తిరిగింది.

బండి గేటు వైపు మళ్లుతోంది. రోజూ నడిపేది మరిది. కుంపటికి అంత అలవాటు లేదు, రెండుసార్లు ఆగిపోయి మళ్లీ స్టార్టయింది. ఆ రెండు ఆటంకాల్లో ఆమె గేటు చేరి, దారికి అడ్డంగా నిలబడింది.

బ్రేకు కీచుమంది. బండి ముక్కు ఆమెకి జానెడు దూరంలో ఆగింది.

"జరుగు," అన్నాడు కిటికీలోంచి తల బయటికి పెట్టి.

"దిగండి."

"జరగమన్నానా?"

"మామయ్య ఆపెయ్యమన్నారు. వినండి. ఆయనే ఒప్పుకున్నారు."

"ఆయన ఒప్పుకుంటాడు. ముసలాయనకి ఏం పోయింది?" అతని చెంప మీది గాయం మళ్లీ తెరుచుకుంది. కళ్లలో నీళ్లు, రక్తం కలిసి కారుతున్నాయి. "పొగ పెట్టింది నేను. రోజూ నీకు మొదటి ముక్క అందించింది నేను. ఉప్పు చూడు, ఉప్పు చూడు అని వెంటపడి తినిపించింది నేను."

"మీకు తెలియదు."

"ఇప్పుడు తెలిసిందిగా. దీన్ని ఆపితే అది నిజమైపోతుంది. అర్థమవుతోందా నీకు? వీటిని షాపులకి చేరనీ. జనం తింటారు. ఎవరికీ ఏమీ కాదు. ఎవరికీ ఏమీ కాకపోతే అప్పుడు మనవాడికి కూడా దీనివల్ల కాలేదు. తమ్ముడి పిల్లకి కూడా కాలేదు. అంతే. అంతే కదా?"

ఆమెకి అతని మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాని వెనకాలే, ఆ మాటల్లోని వెర్రి ఆశ ఎక్కడ పుట్టిందో తెలిసినందుకు, జాలి కూడా వచ్చింది. నాలుగేళ్లలో అతను ఆ బిడ్డని 'మనవాడు' అని అనడం ఇదే మొదటిసారి.

"ఎవరికైనా అయితే?" అంది.

అతను రెండు చేతులతో స్టీరింగ్ బిగించి పట్టుకున్నాడు.

"ఎవరికైనా అయితే ఏం చేస్తారు? ఇంకొక ఆసుపత్రి వరండాలో, ఇంకొకడు, ఏం తిన్నది అని తల బాదుకుంటుంటే?"

"జరుగు," అన్నాడు. ఈసారి గొంతులో అరుపు లేదు, బతిమాలాడు.

వెనక మరిది వస్తున్న అడుగులు వినపడ్డాయి, దూరంగా. పెద్దాయన ఏదో కేకేస్తున్నాడు. వాళ్లు చేరేలోపు ఏదైనా జరగొచ్చు. ఆమె బాగున్న చేతిని బండి ముక్కు మీద ఆనించింది. ఇంజన్ అదురు ఆ చేతిలోంచి విరిగిన చేతిలోకి పాకింది.

తొమ్మిదేళ్లు ఒకే కప్పు కింద ఉన్న మనిషి. అతనికి ఎప్పుడు ఆకలేస్తుందో, ఎప్పుడు కోపం వస్తుందో, తలుపు తీసే చప్పుడుని బట్టి చెప్పగలదు. ఇప్పుడు అద్దం వెనక ఉన్న ఆ ముఖం చూసి, అతను ఏం చేస్తాడో ఆమెకి తెలియలేదు.

అతను తల లోపలికి తీసుకుని కిటికీ అద్దం ఎత్తేశాడు.

ఆమె కదల్లేదు.

లోపల గేరు పడింది.